కథ కాని వచనము: దాని కూర్పును పిల్లలకు గుర్తింప నేర్పుట



మన పిల్లలు చదువుకొను పుస్తకములలో కథలు కొన్ని, కథలు కానివి కొన్ని. కథలను గుఱించి మనకు దిగులు లేదు. ఒక రాజు వేటకు వెడలెనని చదివినంతనే, వానికేదో ఆపద రానున్నదనియు, అది తుదకు తీరిపోవుననియు పిల్లవానికి ముందే తోచును. ఊయెలలో నున్న నాటినుండి విన్న కథలే వానికా యెఱుక నిచ్చినవి. ఎవ్వరును కూర్చుండబెట్టి నేర్పలేదు. కథ కాని వచనము సంగతి వేఱు. నీటి పారుదలను గుఱించియో, పట్టుపురుగుల పెంపకమును గుఱించియో వ్రాసిన పాఠమునకు నాయకుడు లేడు, శత్రువు లేడు, పెండ్లితో ముగియుటయు లేదు. పిల్లవాడు ఒక్క అక్షరమైనను తప్పక గడగడ చదువును. పుస్తకము మూసి "ఏమి చదివితివిరా?" యని యడిగినచో, "నీళ్ల గుఱించి, తాతా" యనును. అంతకు మించి మాట రాదు.

ఇది తెలివి చాలక జరుగునది కాదు. వానికి మాటలు తెలిసినవి, వాక్యములును తెలిసినవి. ఒక వాక్యమునకును మఱియొక వాక్యమునకును గల చుట్టరికము తెలియలేదు. ఇందులో ఇది దానికి కారణమా, దాని తరువాత జరిగినదా, దానికి ఎదురుగా చెప్పినదా, దానికి మందుగా చెప్పినదా యను ప్రశ్న వాని మనస్సున పుట్టనే లేదు. ఈ చుట్టరికములు ఒకచోట చేరి పాఠమునకిచ్చు రూపమునే నేడు నేను కూర్పు అనుచున్నాను.

ఇది బడికి మాత్రము సంబంధించిన సంగతి యని తలపరాదు. నాలుగైదు తరగతులు దాటగనే భూగోళము, చరిత్ర, విజ్ఞానశాస్త్రము, ఆరోగ్యశాస్త్రము అన్నియు కథ కాని వచనములే. ఇక ఇంటికి వచ్చు కాగితములలో కథ యేది? బ్యాంకు అప్పు పత్రము, పంట భీమా ప్రకటన, ఆసుపత్రి చీటి, పురుగుమందు డబ్బాతో వచ్చు కాగితము, ఇవియే గదా. చత్వారము వచ్చిన తాతకు వానిని చదివి వినిపించువాడు తఱచుగా మనుమడే. వాడు మాటలు చదివి అర్థము వదలినచో నష్టము ఇంటిల్లిపాదిది.

ఈ విషయమును పరీక్షించి చూచినవారిలో అమెరికా దేశమునకు చెందిన బోనీ మేయర్ అను విదుషీమణి ముఖ్యురాలు. వచనపు కూర్పునకును, జ్ఞాపకమునకును గల సంబంధమును గుఱించి ఆమె 1975లో ఒక గ్రంథము ప్రకటించెను. విషయ వచనమున తఱచుగా కానవచ్చు కూర్పులు అయిదని ఆమె తేల్చెను: వర్ణనము, క్రమము, కార్యకారణము, పోలిక, సమస్యాపరిష్కారములు. పిమ్మట 1980లో ఆమెయు, ఆమె తోడివారును తొమ్మిదవ తరగతి విద్యార్థులపై జరిపిన పరిశోధనను ప్రచురించిరి. అందొక పాఠము చమురు మోయు మహానౌకలను గుఱించినది. అట్టి నౌక పగిలినచో సముద్రము పాడగును, పక్షులు చచ్చును, ఇది సమస్య. నౌకాధికారులకు మంచి శిక్షణ నిచ్చుట, నౌకలో అదనపు యంత్రము లుంచుట, తీరమునుండి దారి చూపు కేంద్రములు నెలకొల్పుట, ఇవి పరిష్కారములు. బాగుగ చదువగల విద్యార్థులు పాఠమును మరల వ్రాయునపుడు రచయిత కూర్చిన తీరుననే, సమస్యను ముందును, పరిష్కారములను వెనుకను పెట్టి వ్రాసిరి. వారికి విషయము చాలవఱకు జ్ఞాపక ముండెను. తక్కినవారు నౌకలు, చమురు, పక్షులు, యంత్రములు అని సంత సరుకుల పట్టీవలె వ్రాసిరి. పట్టీలో ఒక సరుకు మఱచినను మఱియొకటి దానిని జ్ఞప్తికి తేదు. సమస్యను తలచినవాడు మాత్రము పరిష్కార మేదని వెదకక మానడు.

దీనిని నేర్పవచ్చునా యనునది తరువాతి ప్రశ్న. బార్ట్‌లెట్ అను పరిశోధకుడు 1978లో తొమ్మిదవ తరగతి వారికి ఒక వారముపాటు పాఠపు కూర్పును కనిపెట్టుటయు, ఆ కూర్పునే పట్టుకొని చదివినదానిని మరల చెప్పుటయు నేర్పెను. నేర్పకముందు జ్ఞాపకముంచుకొన్నదానికి ఇంచుమించు రెట్టింపు వారు జ్ఞాపకముంచుకొనిరి. న్యూయార్కులో జోయానా విలియమ్స్ అను ఆచార్యురాలు రెండవ తరగతి పసివారికే పోలిక అను కూర్పును నేర్పెను. సింహము, గ్రద్ద, మొసలి, సొరచేప, కప్ప ఆమె ఎన్నుకొన్న ప్రాణులు. ఆ పిల్లలు క్రొత్త ప్రాణులను గుఱించిన పోలిక పాఠములను సైతము చక్కగా గ్రహించిరి. అయితే ఒక కూర్పు తెలిసినంత మాత్రమున మఱియొక కూర్పు దానంతట అబ్బలేదు. దేనికది వేఱుగా నేర్పవలసినదే.

ఇదంతయు విదేశపు వింత యని యెవరైన అనుకొందురేమో. శాస్త్రగ్రంథము నెట్లు కూర్పవలయునో, ఎట్లు విప్పి చదువవలయునో మన పూర్వులు మిక్కిలి శ్రద్ధతో ఆలోచించిరి. దానికి తంత్రయుక్తి యని పేరు. కౌటిలీయార్థశాస్త్రము నందలి చివరిదైన పదునైదవ అధికరణము కేవలము దీనికొఱకే యున్నది. అందు 32 యుక్తులు లెక్కింపబడినవి. ప్రతిదానికిని ఆ గ్రంథమునందలి వాక్యమునే ఉదాహరణముగా చూపినారు. సుశ్రుతుడు 32, చరకసంహిత 36 యుక్తులను చెప్పినవి. హేత్వర్థము, విపర్యయము, పూర్వపక్షము, ఉత్తరపక్షము, వికల్పము, సముచ్చయము అను పేర్లు పురాణ కాలక్షేపములు విన్న మీకు క్రొత్తవి కావు. వైద్యము నేర్చువాడు ముందుగా గ్రంథమును చదువుట నేర్వవలయునని వారు భావించిరి. ఆ పని పండితుల వసారాలోనే నిలిచిపోయి, మన వీధిబడికి రాలేదు. అదియే కొఱత.

ఇక ఒక ఉదాహరణము. ఒకే విషయము అయిదు రూపములు దాల్చుట చూచినగాని కూర్పు అనగా నేమో స్పష్టపడదు. ధవళేశ్వరము ఆనకట్టను గుఱించి పాఠము వ్రాయవలసి వచ్చినదనుకొందము.

ఆనకట్ట ఎట్లున్నదో చెప్పుట ఒక తీరు. రాజమహేంద్రవరమునకు దిగువ, లంకల నడుమ, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా దానిని కట్టిరి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు అచ్చటినుండి బయలుదేరును. ఇది వర్ణనము. ఇందలి వాక్యములను ముందు వెనుకలు చేసినను పెద్ద హాని లేదు.

అదే సంగతిని కాలమునుబట్టి చెప్పవచ్చును. 1847లో పని ఆరంభమైనది. 1852 నాటికి ఆనకట్ట ముగిసినది. పిమ్మట కాలువలు విస్తరించినవి. 1982లో క్రొత్త బ్యారేజి పూర్తియై పాత ఆనకట్ట పనిని చేపట్టినది. ఇది క్రమము. ఇచ్చట వాక్యము మాఱినచో చరిత్రయే తాఱుమాఱగును.

కృష్ణను తెచ్చి ప్రక్కన నిలిపితిమా, అది పోలిక యగును. గోదావరి ఆనకట్ట లంకల నడుమ నాలుగు ముక్కలు. బెజవాడ ఆనకట్ట రెండు కొండల నడుమ ఒకే కట్ట. మొదటిది 1852లోను, రెండవది 1855లోను ముగిసినవి. రెండును డెల్టా భూములకు నీరిచ్చుటకే పుట్టినవి. కృష్ణ ఆనకట్టకు 1952లో గండి పడగా, 1957లో ప్రకాశము బ్యారేజి దాని స్థానమున వెలసెను.

నది మట్టము పెరుగుటచే నీరు కాలువలలోనికి ఎక్కెను; నీరు నిలుకడగా దొరకుటచే వరి సాగు హెచ్చెను; కాలువలలో పడవలు నడచుటచే ధాన్యము దూరపు సంతలకు చేరెను. ఇట్లు గొలుసు వేసి చెప్పినచో కార్యకారణము.

అయిదవది మన గుండెకు తగులునట్టిది. 1832-33 నాటి నందన నామ సంవత్సరపు కఱవులో ఈ ప్రాంతమున జనము అపారముగా నశించెను. 1839లో తుపాను వచ్చి కోరంగి తీరమును ముంచెను. ఎండినప్పుడు గ్రుక్కెడు నీరు లేదు; నిండినప్పుడు నదియంతయు సముద్రము పాలు. ఏమి చేయవలయును? నీటిని కట్టి, మట్టము పెంచి, కాలువల త్రోవ పట్టింపవలెనని ఆర్థర్ కాటన్ దొర వాదించెను. ఇది సమస్యాపరిష్కారము. ఇందులో కారణము, క్రమము, పోలిక అన్నియు కొంచెము కొంచెముగ దాగియున్నవి. అందుచేతనే పిల్లలకు దీనిని చివరగా నేర్పుట మేలని నా యభిప్రాయము.

విదేశపు బడులలో ఒక్కొక్క కూర్పునకు గుర్తుమాటల పట్టీ నిత్తురు. ఆంగ్లమున ఆ మాటలు తఱచుగా విడిగా, వాక్యము మొదటనో నడుమనో నిలిచి కనబడును. మన ఉపాధ్యాయులు కొందఱు ఆ పట్టీని తెలుగులోనికి దించి, కావున, అయితే, పిదప అని పిల్లలచే వల్లె వేయింతురు. అది చాలదు. తెలుగులో చుట్టరికమును తెలుపు గుర్తు సగము వేళల విడి మాటయే కాదు. క్రియ తోకలో దాగియుండు ఒకటి రెండు అక్షరములు. ఈ నాలుగు వాక్యములు వినుడు. వాన కురిసినందున పంట చెడెను. వాన కురిసినను పంట చెడెను. వాన కురిసిన పిదప పంట చెడెను. వాన కురిసినచో పంట చెడును. మొదటిదానిలో వానయే దోషి. రెండవదానిలో వాన మేలు చేయవలసినది, చేయలేకపోయినది, దోషి వేఱొకడు. మూడవది ఏది ముందో ఏది వెనుకో చెప్పినదేగాని నేరము నెవరి పైనను మోపలేదు. నాలుగవదానిలో ఇంకను ఏమియు జరుగలేదు. గడగడ చదువువాడు ఈ నాలుగింటిని ఒక్కటిగనే మ్రింగివేయును. వానిచేత ఆ తోకల క్రింద గీత గీయించి, నెమ్మదిగా బిగ్గరగా చదివింపవలెను. ఇంతకంటె లాభసాటి యగు అభ్యాసము నేనెఱుగను.

గుర్తులు సైతము మోసము చేయును. పిదప యన్న మాట కనబడగానే కారణమని భ్రమించుట పెద్దలకును సహజమే. కాకి వాలెను, తాటిపండు పడెను. కాకి బరువుచేతనే పండు పడెనా? కాకతాళీయ న్యాయమని మన తార్కికులు దీనికి పేరు పెట్టి ఎన్నడో హెచ్చరించిరి. పిల్లవాడు కారణమని చెప్పిన ప్రతిచోట, "ఇది జరుగకున్నచో అదియు జరుగక యుండెడిదా?" యని యడుగుడు. రెండు దినములు వాడు తడబడును. మూడవ దినమున మిమ్ములనే అడుగును.

నేర్పు విధమును గుఱించి రెండు మాటలు. కూర్పుల పేర్లు ముందుగా చెప్పరాదు. పిల్లవాడెఱిగిన పనితో క్రమమును ఆరంభింపుడు: నారు పోయుట మొదలు కుప్ప వేయువఱకు. దానిని వానిచేతనే చెప్పించి, ఒక్కొక్క పనిని ఒక్కొక్క చీటిపై వ్రాయించి, చీటీలను కలిపివేసి మరల పేర్పించుడు. పేర్చు విధము ఒకటే యని వానికి తెలియును. తరువాత ఆవును గుఱించిన వర్ణనమును తీసికొని ఇట్లే చీటీలు చేయుడు. దానిని పది విధములుగా పేర్చవచ్చునని చూచి వాడు ఆశ్చర్యపడును. కూర్పు అనగా నేమో ఆ యాశ్చర్యములోనే సగము బోధపడును. పిమ్మట కార్యకారణపు చీటీలు. ఇందు కొన్ని జరుగును, కొన్ని యెంతకును జరుగవు. ఏవి జరుగవో, ఏల జరుగవో వాని నోటనే రావలెను.

బొమ్మ గీయించుటయు మంచిదే. వర్ణనమునకు బండి చక్రము: నడుమ విషయము, చుట్టును ఆకులు. క్రమమునకు మెట్లు. పోలికకు త్రాసు. కార్యకారణమునకు గొలుసు. సమస్యాపరిష్కారములకు మూడు గదులు: రోగము, దాని మూలము, మందు. పాఠము చదువుచు వాడు బొమ్మను నింపవలెను. పిదప పుస్తకము మూసి, బొమ్మను చూచుచు, పాఠమును స్వంత మాటలలో మీకు చెప్పవలెను. ఇచ్చటనే కొన్ని బడులు దారి తప్పుచున్నవి. బొమ్మ నింపుటతోనే పని ముగిసినదనుకొని, పరీక్షలో "ఇది యే కూర్పు?" అని యడిగి మార్కులు వేయుదురు. పేరు చెప్పగలిగి విషయము చెప్పలేనివానికి ఏమియు రానట్లే. పేరు తెలియక విషయమును తీరుగా చెప్పగలవాడు నెగ్గినట్లే.

పోలిక నేర్పుటకు మీకంటె తగిన గురువులు లేరు. మీ యూరి చెఱువు మీ చిన్నతనమున ఎట్లుండెను, నేడెట్లున్నది? కట్ట, తూము, అలుగు, క్రింది ఆయకట్టు, పట్టిన చేపలు, ఎండిన నెలలు, వీనిని గుఱించి పిల్లవాడు మిమ్మడిగి, త్రాసు బొమ్మలో ఇరువైపుల వ్రాసికొని, ఒక పుట వ్రాయవలెను. ఒక మెలకువ మాత్రము పాటింపవలెను. ఒకవైపు కట్టను గుఱించి వ్రాసి, రెండవవైపు చేపలను గుఱించి వ్రాసినచో అది పోలిక కాదు. కట్టకు కట్ట, తూమునకు తూము ఎదురుగ నిలువవలెను. ఆ పుట వ్రాసినవాడు పోలిక పాఠమును ఇక మఱువడు. తరువాత అదే చెఱువును గుఱించి, ఏల పూడినదో చెప్పుమని మఱియొక పుట వ్రాయింపుడు. సరుకు అదియే, కూర్పు వేఱు.

అసలైన కాగితములు ఒక్క కూర్పుతో రావు. పురుగుమందు డబ్బాతో వచ్చు కాగితమును తీసికొనుడు. అందలి మందు ఏదో, ఎంత పాలో చెప్పుట వర్ణనము. కలుపు విధము, పిచికారి చేయు విధము క్రమము. కంటబడినను, కడుపులోనికి పోయినను ఏమి చేయవలెనో చెప్పుట సమస్యాపరిష్కారము. డబ్బాపై నుండు రంగు త్రికోణములో నాలుగు తరగతుల పోలిక యున్నది: ఎఱుపు అన్నిటికంటె తీవ్రమైన విషము, దాని తరువాత పసుపు, పిదప నీలము, ఆకుపచ్చ కడపటిది. ఆకుపచ్చ యనగా నిర్భయముగా ముట్టవచ్చునని కాదు. తక్కిన మూటితో పోల్చినప్పుడు తక్కువ యని మాత్రమే. కడపటి పిచికారి పిదప ఇన్ని దినములు గడచువఱకు పంట కోయరాదను వాక్యమును చూచి పిల్లవాడు దానిని క్రమమని దాటిపోవచ్చును. అది క్రమపు వేషములో నున్న నిషేధము. దాని కారణము తఱచుగా కాగితమున వ్రాసి యుండదు: ఆ గడువు లోపల కోసిన కాయగూరలో మందు మిగిలి తిన్నవారి కడుపులోనికి పోవును. వ్రాయని ఆ కారణమును పిల్లవానిచేత అడిగించి రాబట్టవలెను.

కూర్పు తెలిసినవానికి ఉన్నది కనబడుటయే గాక లేనిదియు కనబడును. సంతలో పంచిపెట్టు మందుల ప్రకటనలు చూడుడు. ఆకు పసుపెక్కినదా, ఫలానా మందు చల్లుమనును. రోగపు గది నిండినది, మందు గది నిండినది. నడిమి గది ఖాళీ. నత్రజని చాలకున్నను ఆకు పసుపెక్కును. వేళ్ల వద్ద నీరు నిలిచినను పసుపెక్కును. ఇనుపధాతువు లోపించినను, తెగులు సోకినను పసుపెక్కును. ఒక్కొక్కదానికి విఱుగుడు వేఱు. నీరు నిలిచిన చేనికి కావలసినది కాలువ తీయుటయే గాని సీసాలోని మందు కాదు. ఈ వారము మీ యింటికి అట్టి ప్రకటన యేదైన వచ్చినయెడల, మనుమనిచేతనో మనుమరాలిచేతనో మూడు గదుల బొమ్మ గీయించి, ప్రకటనను చదివించుచు నింపింపుడు. నడిమి గదిలో వ్రాయుటకు మాట దొరకదు. పసుపెక్కిన రెండాకులను ఆ కాగితములోనే పొట్లము కట్టించి, ఖాళీ గదితోడనే వ్యవసాయాధికారి యొద్దకు పిల్లవానిని వెంటబెట్టుకొని వెళ్లుడు. ప్రశ్నను వానినే అడుగనిండు.